నచ్చిన కథని ఎత్తిరాసుకోవడం ఎలా

మా పర్లాకిమిడిలో నా ఈడువాళ్ళం చాలామందిమి ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా రాసినవాళ్ళమే. ఊరు 1936లో ఒడిశాలో కలిసింది, మేం ఒడియా మీడియంలో చేరాం. తెలుగు అక్షరాలు నాకు పదమూడో ఏట మా అమ్మ నేర్పింది, పాత వారపత్రికలు ముందేసి. ఒడియాలో ఉత్త గుండ్రం గీస్తే 'ఠ'. తెలుగులో అదే గుండ్రం సున్న. దాంతో 'అంటే' అన్న మాటని 'అఠటే' అని చదివేవాణ్ణి. "ఏట్రా, టపాసులు పేలుస్తున్నావా?" అని అమ్మ పడీ పడీ నవ్వేది.

చదివింది బుర్రకెక్కక, నచ్చిన కథల్ని నోటుబుక్కులోకి ఎత్తిరాసుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పుడు గడగడా చదువుతాను, అయినా ఆ అలవాటు పోలేదు. మా జెరాక్స్ షాపుకొచ్చే కుర్రాళ్ళు "కథ రాయాలనుందన్నా, ఎలా మొదలెట్టాలి?" అని అడిగితే, ముందు ఒకటి ఎత్తిరాయమంటాను. సగంమంది మళ్ళీ ఆ మాటెత్తరు. మిగతా సగానికి చెప్పేది ఇది.

చిన్న కథ పట్టుకోండి, అయిదారు పేజీలకి మించనిది. రోజుకో పేజీ చాలు. టైపు మాత్రం చెయ్యొద్దు. నేను పొద్దస్తమానం దరఖాస్తులు కొడుతూనే ఉంటాను, అందులో ఏముందో సాయంత్రానికి ఒక్క ముక్క గుర్తుండదు. చేత్తో రాయాలి, అదీ బాల్‌పెన్నుతో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వంటింటి పెంకులు లేచిపోయి బీరువా తడిసిపోయింది. జెల్ పెన్నుతో రాసిన రెండు నోటుబుక్కులు నీలం నీళ్ళయ్యాయి. బాల్‌పెన్ను రాతలు మాత్రం కాగితం ఉబ్బినా నిలిచాయి.

అసలు కిటుకు ఇక్కడుంది. వాక్యం చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నట్టు రాయండి. తర్వాత తెరిచి పోల్చండి. మీకు తెలీకుండా ఎక్కడో ఒక మాట మార్చి ఉంటారు, ఎక్కువగా ఒక విశేషణం తగిలించి ఉంటారు. నాకు 'పాపం' తగిలించే జబ్బు ఉండేది. ప్రతి ముసలాయన ముందూ ఒక పాపం. అది నా జబ్బని తెలియడానికి నాలుగు కథలు ఎత్తిరాయాల్సొచ్చింది.

కథంతా అయ్యాక మార్జిన్‌లో ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎవరు కనబడలేదు?

గురజాడ 'దిద్దుబాటు' తీసుకోండి. 1910 నాటి కథ. గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరతాడు. భార్య కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది. నౌకరు రాముడి మీద విరుచుకుపడతాడు, తర్వాత కుంగిపోతాడు. నేను రెండుసార్లు ఎత్తిరాసి కూడా, ఇది మొగుడి కథే అనుకున్నాను. మూడోసారి మార్జిన్‌లో ఎవరెవరు ఎక్కడున్నారో రాస్తుంటే, కమలిని దగ్గర చెయ్యి ఆగింది. ఆవిడ ఎక్కడికీ పోలేదు, మంచం కిందే ఉంది! ఆ సంగతి మనకి చివర్న నవ్వు వినిపిస్తేగాని తెలీదు. అంతవరకూ మొగుడు పడే కంగారంతా ఆవిడ వింటూనే ఉంది. అది తెలిశాక మళ్ళీ మొదటికెళ్ళి చదవండి. గోపాలరావు మాటలు ఒక్కటీ మారవు, కానీ ప్రతి మాటా ఇంకోలా వినిపిస్తుంది. కథలోంచి మనిషిని తీసెయ్యడం వేరు, మనిషిని దాచడం వేరు. ఈ తేడా నాకు అరచెయ్యి నొప్పెడితేగాని తెలిసిరాలేదు.

సినిమాకీ ఇదే ప్రశ్న. 1957 నాటి 'మాయాబజార్' ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పాండవుల ఇంటి కుర్రాడి పెళ్ళి గొడవే సినిమా అంతా, కానీ అయిదుగురు పాండవుల్లో ఒక్కడూ తెరమీదికి రాడు. ఎప్పుడైనా వెలితి అనిపించిందా? నాకైతే అనిపించలేదు. ఆ అయిదుగురూ వస్తే గదలూ గాండీవాలూ వస్తాయి, ఘటోత్కచుడి అల్లరికి చోటెక్కడిది అని నా లెక్క. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని అరగంట చూడండి. సీను మారినప్పుడల్లా ఆపి, ఎవరొచ్చారు, ఏం కావాలని వచ్చారు, ఏం పట్టుకెళ్ళారు, ఇంతే రాయండి. షాట్లూ లెన్సులూ మనకెందుకు.

భాష గురించి ఒక్కమాట. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మాది. వాడుక భాష రాయమని పోరాడిన మనిషి ఇక్కడి వీధుల్లోనే తిరిగారు. అయినా నా మొదటి కథలో 'చళిబొ' అన్న ఒడియా మాట కొట్టేసి 'సరిపోవును' అని దిద్ది అచ్చేశారు ఒక పత్రికవాళ్ళు. మా షాపుకొచ్చే తాతగారు "బాబూ, రెండు కాపీలు చళిబొ" అంటారు. సరిపోవును అని ఆయన చచ్చినా అనరు. నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, మనిషి ఆలోచించకుండా అనేసే ఒడియా మాట అలాగే ఉంచుతాను. నేను గొప్పకి ఇరికించినది కొట్టేస్తాను.

కథలు దొరకడం లేదనే సాకు మాకు లేదు. మా ఊరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కణ్ణుంచి శ్రీకాకుళం బస్సు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది, పాత పత్రికల కథలు పోగేసి పెట్టిన చోటు. వెళ్ళేముందు కావలసిన కథల పేర్లు, రచయితల పేర్లు చీటీ మీద రాసుకెళ్ళండి. నేను మొదటిసారి ఉత్తచేతులతో వెళ్ళి, బీరువాల ముందు నోరెళ్ళబెట్టి నిలబడి, ఒక్కటీ చదవకుండా ఆఖరి బస్సెక్కాను.

పది కథలు ఎత్తిరాశాక సొంతది మొదలెట్టండి. రాసింది తెలుగు చదవడం రానివాళ్ళకి పైకి చదివి వినిపించండి. మా ఆవిడకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. కళ్ళతో ముందుకు ఉరకలేదు కాబట్టి, చెవికి ఎక్కడ తగిలితే అక్కడే ఆపుతుంది. నిన్న రాత్రి కొత్త కథ వినిపిస్తుంటే, చిక్కుళ్ళు ఒలుస్తూ మధ్యలో, "మరి వాళ్ళమ్మేదీ?" అంది.

వాళ్ళమ్మ ఆ కథలో లేదు. నేను దాచలేదు, నాకు తట్టనేలేదు. ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టాను. ఆవిణ్ణి తేవాలా వద్దా అని పొద్దుట్నుంచీ షాపులో కూర్చుని తేల్చుకోలేకపోతున్నాను.