ఉప్పల్ వైపు నుంచి రెండు రోజుల సెలవు: ఎటు, ఎప్పుడు, ఎవరితో

మేం బోడుప్పల్‌లో ఉంటాం. సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ కొన్న కొత్తలో, మొదటి ఆదివారమే అనంతగిరి పోదామన్నాడు మా ఆయన. వికారాబాద్ కొండలు, మూసీ పుట్టేది అక్కడే, హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్లు, అంతే కదా అనుకున్నాం. ఆ 80 ఎక్కడి నుంచి కొలిచారో ఆలోచించలేదు. పొద్దున 8కి బయల్దేరితే మెహిదీపట్నం దాటేసరికే పది దాటింది. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద కాసేపు ప్రాణం లేచొచ్చింది కానీ, కొండెక్కేసరికి మిట్టమధ్యాహ్నం. మంచూ లేదు, కారు పెట్టడానికి చోటూ లేదు. గుడి మెట్ల మీద మా అత్తమ్మ కూలబడిపోయి, "మన డాబా మీద ఇంతకన్నా మంచి గాలి వస్తది గదనే" అన్నది.

అప్పటి నుంచి నాకొక లెక్క పట్టుబడింది. హైదరాబాద్‌కు ఫలానా ఊరు ఎంత దూరమని అడగను. మా గేటు నుంచి బయల్దేరితే ఊరు దాటడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాను. ఉప్పల్, ఘట్‌కేసర్ వాళ్లకు వరంగల్ రోడ్డు. ఎల్బీనగర్ వాళ్లకు సాగర్ రోడ్డు. శంషాబాద్, తుక్కుగూడ దగ్గరివాళ్లకు శ్రీశైలం. మియాపూర్, పటాన్‌చెరు వాళ్లకు బీదర్. కొంపల్లి, మేడ్చల్ వాళ్లకు మెదక్. అనంతగిరి మెహిదీపట్నం, గండిపేట వాళ్ల సొత్తు, వాళ్లనే పోనివ్వండి. ఊరి చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు, ఓఆర్ఆర్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ అది 158 కిలోమీటర్ల రింగు. అవతలి దిక్కుకు పోవాలంటే దాదాపు సగం చుట్టాలి, టోల్ కట్టాలి. బైకు మీద పోయేవాళ్లను అసలు ఎక్కనివ్వరు. పక్క దిక్కుకు జరగడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

రెండో లెక్క మోకాళ్లది. బండిలో ఎవరి మోకాళ్లు అందరికన్నా బలహీనమో, ట్రిప్పు వాళ్లను బట్టి వేయాలి. మా ఇంట్లో అవి అత్తమ్మవి. ఆమెను ఇంట్లో వదిలేసి పోదామని మా ఆయన ఒక్కసారే అన్నాడు, మళ్లీ అనలేదు.

మూడోది బాత్రూమ్. దీని గురించి మగవాళ్లెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. హైవే మీద పెట్రోల్ బంకుల్లో కొన్ని శుభ్రంగా ఉంటాయి, కొన్ని తాళం వేసి ఉంటాయి. నేను చిన్న నోట్‌బుక్‌లో ఏ ఊరి దగ్గర ఏ బంకు బాగుందో రాసుకుంటాను. చిన్న రోడ్లలోకి మళ్లాక ఆ సౌకర్యం ఉండదు, అందుకే మలుపు తిరగక ముందే బండి ఆపించాలి. పిల్లలు "ఇప్పుడు రావట్లేదు" అన్నా సరే దింపాలి.

మా రోడ్డు

వరంగల్ రోడ్డులో సగం రోజు చాలనుకుంటే పోచంపల్లి. మాకు గంట ప్రయాణం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చి దళితులకు భూమి కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అలా భూదాన్ పోచంపల్లి అయింది. మీ ఇంట్లో అందరూ చీరల కోసమే వస్తారు, నాకు తెలుసు. అయినా ముందు మెయిన్ రోడ్డు మీది దుకాణాల్లోకి దూరకండి. గల్లీల్లోకి నడిచి, మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి ముందు నిలబడి "చూడొచ్చా అమ్మా" అని అడగండి. చాలామంది లోపలికి రమ్మంటారు. ఇక్కడ బట్ట నేశాక రంగు వేయరు. నూలు పోగులకే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. డిజైన్ అంతా పోగులోనే కూర్చుని ఉంటుంది. అది కళ్లారా చూశాక చీర ధర వింటే గుండె అంత దడదడలాడదు. కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. ఇలా పోగుకే రంగు వేసి నేసిన అసలు ఇక్కత్ అయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటు వేసిందైతే వెనక వెలిసిపోయి కనిపిస్తుంది. నేను ఇక్కడికి రాకముందు ఎల్బీనగర్‌లో ఒక దుకాణంలో పోచంపల్లి అని కొన్న చీర ఇంటికొచ్చి తిరగేశాక తెలిసింది, అది ప్రింటని. ఇప్పుడది మా ఇంట్లో దిండు గలేబులు.

ఆసు పోయడం అనే పని కూడా చూపించమనండి. మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పి తిప్పి భుజాలు పడిపోయేవి ఆడవాళ్లకు. వాళ్లమ్మ పడే బాధ చూసి చింతకింది మల్లేశం ఆ పనికి మెషిన్ కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనది ఆలేరు దగ్గరి ఊరే.

భువనగిరి కోట మీదికి మా ఆయన, పిల్లలు ఎక్కుతారు. ఊరంత ఒకే బండ, దాని మీద కోట. పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి పేరు మీద ఇది త్రిభువనగిరి అయి, ఆపైన భువనగిరి అయిందంటారు. ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టాలి. తొమ్మిదయ్యాక బండ పెనమైపోతుంది. అత్తమ్మా నేనూ కిందే కూర్చుంటాం, ఎండాకాలమైతే రోడ్డు పక్క తాటి ముంజలు తింటూ. యాదగిరిగుట్ట గురించి ఒక్క మాట: శని, ఆదివారాలు పోవద్దు, కార్తీక మాసంలో అసలే వద్దు. సెలవు పెట్టి మంగళవారమో బుధవారమో పోతే దేవుణ్ని నిలబడి చూడొచ్చు. ఆలేరు నుంచి పక్కకు తిరిగితే కొలనుపాక. జైన మందిరం, దగ్గర్లోనే సోమేశ్వరాలయం, రెండూ నిశ్శబ్దంగా ఉంటాయి. రోజు మొత్తం గుట్టలో క్యూ కట్టడం కన్నా నాకు కొలనుపాకే ఇష్టం.

రెండు రోజులున్నాయంటే మాత్రం కళ్లు మూసుకుని రామప్ప గుడికి పోతాం. నాలుగుసార్లు పోయాం, అయిదోసారి కూడా పోతాం. శనివారం పొద్దున 5:30కి కదిలి జనగామలో టిఫిన్ చేస్తే, ఎండ ముదరక ముందే హనుమకొండలో ఉంటాం. 1163 నాటి వేయి స్తంభాల గుడి, సాయంత్రం వరంగల్ కోటలో రాతి తోరణాలు, రాత్రి హనుమకొండలోనే పడక. గది ముందే బుక్ చేసుకోవాలి, పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు ఒక్క లాడ్జి దొరకదు. ఆదివారం 6:30కి బయల్దేరితే ములుగు మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేటకు దాదాపు 70 కిలోమీటర్లు. ముందుగా చేరడం ఎందుకంటే, గుడి చుట్టూ చెప్పుల్లేకుండా రాయి మీద నడవాలి. పదింటికి ఆ రాయి మీద కాలు పెట్టి చూడండి. మా అత్తమ్మకు, పిల్లలకు మందం సాక్సులు సంచిలో పెడతాను. చిన్న సంగతే, కానీ దీనివల్లే మేం అక్కడ రెండు గంటలు ఉండగలిగాం.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. కట్టించినవాడి పేరు కాకుండా శిల్పి పేరుతో జనం పిలుచుకుంటున్నారంటారు. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికట. పునాది గుంతలో ఇసుక మిశ్రమం నింపి దాని మీద లేపారు. ఇవన్నీ గైడు చెబుతాడు, ఆయనకు ఆ డబ్బులివ్వడం దండగ కాదు. మీరు మాత్రం పై కప్పు అంచు కింద వాలుగా నిలబడ్డ ఆడవాళ్ల బొమ్మలు చూడండి. గుడి ఎర్ర ఇసుకరాయి, బొమ్మలు నల్లరాయి, అద్దంలా మెరుస్తాయి. అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. మా చిన్నది అది చూసి, "అమ్మా, ఆమెకు గుడిలో చెప్పులు విప్పమని ఎవరూ చెప్పలేదా" అన్నది. గైడు దగ్గర జవాబు లేదు.

అక్కడి నుంచి లక్నవరం చెరువు అరగంట, ముప్పావుగంట. వేలాడే వంతెన మీద అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది, సగం దూరం పోయాక చెయ్యి వదిలేసింది. మధ్యాహ్నం 1:30కి అక్కడి నుంచి లేవాలి. ఇంకో అరగంట అన్నారంటే, రాత్రి ఘట్‌కేసర్ దగ్గర బ్రేకు లైట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిందే.

గేటు మూసేస్తారు

శ్రీశైలం 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దూరం సమస్య కాదు, మన్ననూరు చెక్‌పోస్టు సమస్య. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. మాకు తెలియక కాదు, తెలిసీ పోయాం. శనివారం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికే ఆలస్యం, కల్వకుర్తిలో మిర్చి బజ్జీలకు ఆగడం ఇంకో ఆలస్యం. గేటు దగ్గరికి 9:20కి చేరాం. బతిమాలితే గార్డు మర్యాదగానే, "రాత్రి రోడ్డు వాటిది సార్" అన్నాడు. వెనక్కి తిరిగి, దొరికిన చోట గది తీసుకుని పడుకున్నాం. పొద్దున 6కి అదే గేటు దాటినప్పుడు రోడ్డు మీద ఇంకా మంచుంది, నెమళ్లున్నాయి. ఇప్పుడు కావాలనే అలా వేసుకుంటాం: ముందు రోజు రాత్రి కల్వకుర్తిలోనో అచ్చంపేటలోనో ఆగి, గేటు తెరిచేసరికి ముందు వరుసలో ఉంటాం. తిరుగు ప్రయాణంలోనూ ఇదే గేటు, ఇదే టైమ్ అని మరవద్దు. కోతులకు ఏమీ పెట్టకండి, కారు అద్దాలు దించకండి. మా సకినాల డబ్బా అలాగే పోయింది. దారిలో వటవర్లపల్లి దగ్గర నుంచి లోపలికి పోతే మల్లెల తీర్థం. జలపాతం కిందికి వందల మెట్లు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది. మోకాళ్ల లెక్క గుర్తు చేసుకోండి.

సాగర్‌కు పోవాలంటే గేట్లు ఎత్తారో లేదో వార్తల్లో చూసుకుని పోండి. వాన బాగా పడ్డ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో 26 గేట్లలోంచి నీళ్లు దూకుతాయి. ఎత్తిన మొదటి ఆదివారం ఊరంతా అక్కడే ఉంటుంది, అందుకని మేం సోమవారం సెలవు పెట్టుకుంటాం. గేట్లు మూసి ఉన్నా నాగార్జునకొండ దీవికి లాంచీ ఎక్కొచ్చు. డ్యామ్ నీళ్లలో మునగాల్సిన బౌద్ధ శిథిలాలను ఆ కొండ మీదికి మోసుకొచ్చి పెట్టారు. మొదటి లాంచీకే పోవాలి, ఆదివారం టికెట్ల లైను పెద్దది. ఎత్తిపోతల జలపాతం అక్కడికి దగ్గరే, ఒక గంట చాలు.

బీదర్‌ను మావాళ్లు కర్ణాటక కదా అని పట్టించుకోరు. 140 కిలోమీటర్లే, జహీరాబాద్ దాటి కుడివైపు తిరగాలి. బహమనీల రాజధాని. కోట లోపల రంగీన్ మహల్‌లో నల్లరాయిలో ముత్యపు చిప్ప పొదిగారు, తాళం తీయించుకుని చూడాలి. 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా సగమే నిలిచి ఉంది, నిలిచిన సగం మీద ఇంకా నీలం పెంకులు అంటుకునే ఉన్నాయి. బిద్రీ పనివాళ్ల గల్లీకి తప్పకుండా పోండి. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, చివర కోటలోని మట్టితో నల్లబరుస్తారు. ఆ మట్టి వేరేచోట దొరకదంటారు. మధ్యాహ్నం భోజనానికి గురుద్వారాలో లంగర్, ఎవరినైనా కూర్చోబెట్టి పెడతారు. తల మీద కప్పుకోవడానికి ఒక దుపట్టా దగ్గర ఉంచుకోండి.

మెదక్ చర్చి పగలే చూడాలి. ఆ రంగుటద్దాల బొమ్మలు లోపల నిలబడి ఎండ వెలుతురులో చూసేవే, చీకటి పడ్డాక ఏమీ కనపడదు. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ అనే మిషనరీ దొర మొదలుపెట్టించిన కట్టడం, 1924లో పూర్తయింది.

అనంతగిరి మళ్లీ పోయాం, ఈసారి కారు ఇంట్లో పెట్టి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి బేగంపేటలో దిగి, అక్కడే రైల్వే స్టేషన్‌లో వికారాబాద్ పోయే రైలెక్కి, దిగాక ఆటో మాట్లాడుకున్నాం. ఆటోకు రానుపోను కలిపి ముందే బేరం కుదుర్చుకోవాలి, లేకపోతే కొండ మీద వెనక్కి వచ్చే ఆటో దొరకదు. అత్తమ్మ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, తెచ్చుకున్న పులిహోర మొత్తం లింగంపల్లి రాకముందే పంచేసింది.

వరంగల్ రోడ్డులో ఎక్కడికి పోయినా ఆదివారం సాయంత్రం 5కల్లా బీబీనగర్ టోల్ దాటేలా చూస్తాను. అది దాటాక ఒక గంట ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. ఎందుకంటే శనివారం బయల్దేరే ముందే దోసె పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, సోమవారం పిల్లల టిఫిన్ బాక్సులకు.