చవితి ముందు సౌండ్ సామాను పార్శిల్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

శ్రావణం రాగానే మా నల్గొండలో పాత సౌండ్ సామాను చేతులు మారడం మొదలవుతుంది. కొత్త సెట్టు కొన్నవాళ్లు పాతది అమ్ముకుంటారు. ఊళ్లలో మండపం పెట్టే పిల్లలు ఆ పాతదాని కోసమే ఎదురుచూస్తుంటారు. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ దాకా ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బస్సు పార్శిళ్లలో, లారీ ట్రాన్స్‌పోర్టుల్లో పోతుంటాయి. సరిగ్గా అవే వానల రోజులు. ధర తెగేదాకా గంటలు బేరమాడతాం గానీ, పెట్టె కట్టడానికి పది నిమిషాలు కూడా పెట్టం.

నిరుడు చవితికి వారం ముందు కొల్లాపూర్ దిక్కు పిల్లలకు ఒక ఆంప్లిఫయర్ పంపాను. అట్టపెట్టె, చుట్టూ థర్మాకోల్, పైన టేపు. బాగానే కట్టాననుకున్నా. చేరిన రోజు పొద్దున ఫోను.

"అన్నా, డబ్బా ఊపితె లోపల ఏందో కొట్టుకుంటున్న సప్పుడొస్తుంది."

"తమ్మీ, ప్లగ్గు పెట్టకుండ్రి" అన్నా.

"పెట్టినమన్నా. పొగొచ్చింది."

తెప్పించి మూత విప్పితే ట్రాన్స్‌ఫార్మర్ స్క్రూలు రెండు ఊడి, మిగతా రెండింటి దగ్గర రేకు వంగిపోయి, అది పక్కనున్న బోర్డు మీదికి ఒరిగి ఉంది. స్విచ్ వేయకుండా ఉంటే రేకు సరిచేసి స్క్రూలు బిగిస్తే తీరేది. వేసినందుకు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వరసగా కాలిపోయాయి. డబ్బు వాపసు ఇచ్చేశాను గానీ, అప్పటికి కిరాయి సెట్లన్నీ బుక్కై ఆ పిల్లల మండపంలో మొదటి రెండు రోజులు పాట లేదు. నాకు ఇప్పటికీ బాధే.

ఆంప్లిఫయర్‌లో బరువంతా ఒక పక్కనే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉంటుంది. పెట్టె కింద పడితే బయట డబ్బాకు సొట్ట కూడా పడకపోవచ్చు, లోపల ఆ ఇనప ముద్ద మాత్రం తన ఊపులో తాను పోతుంది. అందుకే పంపేముందు మూత తీసి స్క్రూలన్నీ బిగించండి. రింగు ట్రాన్స్‌ఫార్మర్ అయితే నడుమ ఒక్క బోల్టే దాన్ని పట్టుకుని ఉంటుంది, దాని మీద ఇంకా కన్నుండాలి.

ఇక పెట్టె. ఒకటి చాలదు, రెండు కావాలి. లోపలి పెట్టెలో సామాను కదలకుండా ఉండాలి, బయటి పెట్టెకు దానికి నడుమ అన్ని పక్కలా కనీసం రెండంగుళాల మెత్త ఉండాలి. బరువైన సామాను కింద మామూలు థర్మాకోల్ పొడిపొడి అవుతుంది. దళసరి ఫోమ్ షీట్లు నయం. మిర్యాలగూడ దిక్కు కొందరు ఊక నింపి పంపుతారు, దయచేసి ఆ పని చేయకండి. ఊక దుమ్ము వాల్యూమ్ కంట్రోళ్లలో, ఫ్యానులో చేరితే గరగర పోదు. పైగా ఊక సర్దుకుపోయి సామాను ఒక మూలకు జారుతుంది. వానకు సామానునే ముందు పాలిథిన్ కవర్లో చుట్టాలి, తడిసిన అట్టకు బలముండదు కాబట్టి బయటి పెట్టెకూ ఇంకో పొర వేయాలి. పెద్ద స్పీకర్ క్యాబినెట్లకైతే పాలిథిన్ మీద పాత బొంత చుట్టి సుతిలితో కట్టడాన్ని మించింది నేను చూడలేదు. జాలీ ఉన్నా సరే, కోన్ (స్పీకర్ ముందుండే గరాటులాంటి కాగితం) ముందు ప్లైవుడ్ ముక్క అడ్డం కట్టండి. మిక్సర్ నాబులు ఊడదీసి విడిగా కవర్లో వేయండి. రికార్డు ప్లేయరైతే పళ్లెం, ముల్లుండే చేయి వెనక బరువు తీసేసి, ఆ చేయిని అది ఆనే కొక్కేనికి కట్టేయాలి.

పెట్టె మూసేముందు వీడియో తీయండి. సీరియల్ నంబరు కనిపించాలి, సామాను పాట పాడుతూ ఉండాలి, మధ్యలో ఆపకుండా పెట్టె మూసి టేపు వేసేదాకా రావాలి. బుకింగ్‌లో అసలు విలువ రాయించండి. లారీ ట్రాన్స్‌పోర్టుల విషయంలో 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నాటి నియమాల ప్రకారం, ఎక్కువ రిస్క్ రేటు (నష్టం బాధ్యత వాళ్లు ఎక్కువ మోసేందుకు కట్టే అదనపు కిరాయి) కట్టకపోతే వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. మూడు వందల కిరాయికి మూడు వేలు. ఆంప్లిఫయర్ పద్నాలుగు వేలదైతే మిగతా పదకొండు వేలు ఎవరివి? దెబ్బతింటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది లేకుండా కోర్టుకు పోలేరు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పుకోవచ్చు.

తీసుకునేవాళ్లు పెట్టె నలిగినా తడిసినా డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. విప్పుతూ వీడియో తీయాలి, పెట్టెను పారేయొద్దు. తడి తగిలితే ఒకట్రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. మొదటిసారి కరెంటు మెకానిక్ దగ్గర సీరీస్ బల్బు మీదే, అంటే సామానుకు పోయే కరెంటు ముందు ఒక బల్బు గుండా పోయేలా కలిపి, ఇవ్వాలి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు. స్పీకర్‌కైతే కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కి చూడండి. గీసుకుంటున్న చప్పుడొస్తే అయస్కాంతం కదిలి కాయిల్ రాసుకుంటోంది, దాన్ని మోగించొద్దు.

దెబ్బతింటే ఎవరు భరించాలన్నది డబ్బు చేతికి రాకముందే మెసేజ్‌లో రాసుకోండి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో, రవాణా వాళ్ల చేతికిస్తే మామూలుగా కొన్నవాడికి ఇచ్చినట్టే అనే మాట ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని తప్పుకోవడం నాకు నచ్చదు. మనం కట్టిన పెట్టెలోనే లోపముంటే ఆ నష్టం మనదే.

నేనిప్పుడు పంపే ప్రతి ఆంప్లిఫయర్ ప్లగ్గుకు మూడు పిన్నులూ కప్పేలా టేపు చుట్టి, దాని మీద స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను: "ముందు ఊపి చూడండి. సప్పుడొస్తే ఈ టేపు తీయకుండ్రి, నాకు ఫోన్ చేయుండ్రి."