తెరమీద రవ్వ: ఫిల్మ్ గ్రెయిన్‌ని గుర్తుపట్టడం, చెడగొట్టకుండా చూడటం

పాత సినిమా హెచ్‌డీలో పెట్టగానే ఆకాశం మీదో, సున్నం గోడ మీదో సన్నటి ఇసుక చల్లినట్టు ఏదో కదులుతూ కనిపిస్తుంది. టీవీ పాడైందనో, ప్రింటు బాలేదనో, నెట్ స్లో అయిందనో అనుకుని రిమోట్ అందుకుంటాం. ఆ మూడింట్లో ఏదైనా కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. అది గ్రెయిన్ అయితే మాత్రం ఆ బొమ్మ ఏర్పడిందే ఆ చుక్కలతో. దాన్ని తుడిస్తే చీర నేత, గడ్డం గరుకు, కళ్ల కింద గీతలు కూడా వెంట పోతాయి.

ఫిల్ము మీద జెలటిన్ పొరలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు సోకినవి ల్యాబ్‌లో డెవలప్ చేసినప్పుడు వెండి రేణువులవుతాయి. బ్లాక్ అండ్ వైట్‌లో మనం చూసేది ఆ వెండినే. కలర్‌లో వెండిని బ్లీచ్ చేసి తీసేస్తారు, రేణువు ఉన్నచోట చిన్న రంగు మబ్బు మిగులుతుంది. స్ఫటికం పెద్దదైతే తక్కువ వెలుతురు సరిపోతుంది, కానీ చుక్క దొడ్డుగా వస్తుంది. బియ్యంలో సన్నం, దొడ్డు ఉన్నట్టే ఫిల్ములోనూ. కొడాక్ విజన్3లో 50డీ పగటి ఎండకి, సన్నం రకం. 500టీ రాత్రి సీన్లకి, దొడ్డు రకం. వెలుతురు చాలక నెగెటివ్ పలచబడితే గ్రెయిన్ ఇంకా పైకి తేలుతుంది, ఎందుకంటే అప్పుడు పనిచేసేవి పెద్ద స్ఫటికాలే. అందుకే ఒకే సినిమాలో పొలం గట్టు మీద పాట శుభ్రంగా, అర్ధరాత్రి గోడౌన్ ఫైటు గరుగ్గా ఉంటాయి. అందులో డిస్కు తప్పేమీ లేదు.

ఫ్రేము ఎంత చిన్నదైతే అంత పెద్దది చెయ్యాలి, చుక్క కూడా అంతే పెరుగుతుంది. 55 ఇంచుల టీవీ వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. 35 ఎంఎం ఫ్రేము వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు కాబట్టి 55 రెట్లు పెంచినట్టు. 16 ఎంఎంలో తీస్తే ఫ్రేము పది మిల్లీమీటర్ల చిల్లర, అంటే 119 రెట్లు. 65 ఎంఎం నెగెటివ్ (70 ఎంఎం ప్రింటు వేసేది దీని నుంచే) అయితే 23 రెట్లే. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ పక్కన 35 అనీ, దేవి, సంధ్య పక్కన 70 అనీ థియేటర్ల బోర్డుల మీద చదివిన అంకెలు ఈ లెక్కలోవే. కాకపోతే 70 ఎంఎం ప్రింటు వేసిన ప్రతి సినిమానీ పెద్ద నెగెటివ్ మీద తీయలేదు, 35 నుంచి పెద్దది (బ్లోఅప్) చేసినవీ ఉన్నాయి. వాటిలో గ్రెయిన్ 35 ఎంఎం గ్రెయినే. స్కోప్‌లోనూ, అంటే బాగా వెడల్పు తెర సినిమాల్లోనూ తేడా ఉంది. బొమ్మని అడ్డంగా నొక్కి ఫ్రేములో పట్టించే అనామార్ఫిక్ లెన్సుతో తీస్తే ఫ్రేము ఎత్తు దాదాపు మొత్తం వాడుకుంటారు. సూపర్ 35లో, అంటే మామూలు లెన్సుతో తీసి పైనా కిందా కోసేస్తే మిగిలేది పది మిల్లీమీటర్ల ఎత్తే, అందువల్ల గ్రెయిన్ ఎక్కువ.

"అప్పట్లో థియేటర్లో ఇది కనిపించలేదే" అంటారు చాలామంది. థియేటర్‌కొచ్చిన ప్రింటు నెగెటివ్ నుంచి రెండు మూడు కాపీలు దాటి వచ్చింది. కాపీ కాపీకీ బొమ్మ కాస్త మెత్తబడి సన్న వివరం పోతుంది, కొత్త గ్రెయిన్ వచ్చి కలుస్తుంది. ఇప్పుడు డిస్కు కోసం నెగెటివ్‌నే స్కాన్ చేస్తే ఆ సన్న రవ్వంతా సూటిగా మీ హాల్లోకి వస్తుంది.

దీన్ని కళ్లతో పట్టుకోవాలంటే డిజాల్వ్ చూడండి. డిజిటల్ రాకముందు ఒక సీను కరిగి ఇంకో సీను రావాలంటే ఆ ముక్కని ఆప్టికల్ ప్రింటర్‌లో మళ్లీ ఫిల్ము మీదికి తీసేవారు. హీరో మెట్లు దిగుతుంటాడు, బొమ్మ బాగుంటుంది. ఉన్నట్టుండి, ఇంకా ఏమీ కరగకముందే, బొమ్మ ఒక్క మెట్టు మసకబారి గ్రెయిన్ గబుక్కున లేస్తుంది. అరసెకను తర్వాత డిజాల్వ్ మొదలవుతుంది, అది అయిపోయాక మళ్లీ తేటపడుతుంది. కాపీ చేసిన ముక్క అతికిన చోటు అది. బొమ్మ మీద పేర్లు పడే టైటిల్స్ కూడా ఇలాగే ఉంటాయి. టైటిల్స్ చూసి "ఈ డిస్కు వేస్టు" అనేయకండి, అవి దాటి మొదటి మామూలు షాట్ వచ్చాక చూడండి. టైటిల్స్‌లోనూ ఆ మామూలు షాట్‌లోనూ గ్రెయిన్ ఒకేలా, లేదా అసలు లేకుండా ఉంటే అనుమానించాల్సింది అప్పుడే. ఎవరో సాఫ్ట్‌వేర్‌తో కడిగేసి ఉంటారు.

ఇక అసలు గొడవ బిట్‌రేట్‌తో, అంటే సెకనుకి ఎంత డేటా పంపుతారన్న దానితో. ఫుల్ హెచ్‌డీ బొమ్మని కుదించకుండా పంపాలంటే సెకనుకి సుమారు 600 మెగాబిట్లు కావాలి. బ్లూరేలో వీడియోకి గరిష్ఠంగా 40. ఫుల్ హెచ్‌డీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) స్పీడు ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సలహా. అంటే డిస్కులో పదిహేనో ఇరవయ్యో రెట్లు కుదిస్తే, ఓటీటీలో వంద రెట్లు పైనే. ఇంత కుదించడం సాధ్యమయ్యేది పక్కపక్క ఫ్రేములు ఒకేలా ఉంటాయి కాబట్టి. గోడ కదల్లేదు కదా, మళ్లీ ఎందుకు పంపడం అనుకుంటుంది వీడియోని కుదించే ఎన్‌కోడర్. గ్రెయిన్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. సెకనుకి 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేములో చుక్కలు కొత్తచోట. ఏదీ పాతది కాదు. బిట్లు చాలనప్పుడు ఎన్‌కోడర్ కొంత గ్రెయిన్‌ని పారేస్తుంది, మిగిలింది గళ్లుగళ్లుగా గడ్డకడుతుంది. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా లాభం లేదు, అటునుంచి వచ్చేదే 5 అయితే మన దగ్గర పైపు ఎంత లావుంటే ఏం!

ఏవీ1 అనే కోడెక్‌లో (వీడియోని కుదించి, విప్పే పద్ధతి) దీనికో ఉపాయం ఉంది. ముందు గ్రెయిన్‌ని వడగట్టి, శుభ్రమైన బొమ్మని కుదించి, "చుక్కలు ఇంత లావు, ఇంత గాఢం" అనే వివరం మాత్రం వెంట పంపుతారు. టీవీ ఆ కొలతతో గ్రెయిన్ తయారుచేసి పైన చల్లుతుంది. నెగెటివ్‌లోని చుక్కలు కావు గానీ, గడ్డకట్టిన గళ్లకన్నా వెయ్యి రెట్లు నయం. టీవీలోనో స్టిక్‌లోనో ఏవీ1 డీకోడర్ లేకపోతే ఇది రాదు, కొనేటప్పుడు స్పెసిఫికేషన్లో చూసుకోవాలి.

ఏది ఏదో తేల్చుకోవడం ఇలా. ముఖం క్లోజప్, వెనక సాదా గోడ ఉన్న షాట్ ఎంచుకోండి, కెమెరా కదలకూడదు. కంప్యూటర్‌లో ఫైలు ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో పాజ్ చేసి 'E' కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకి జరపండి. ప్రతి నొక్కుకీ చుక్కలు పూర్తిగా చోటు మారి, ముఖం మీదా గోడ మీదా ఒకే పరిమాణంలో ఉంటే గ్రెయిన్. చుక్కలు నాలుగైదు ఫ్రేములు అలాగే అతుక్కుని ఒక్కసారి మారితే, లేదా చదరాల అంచులు కనబడితే, అది కంప్రెషన్. చీకటి భాగాల్లో మాత్రమే ఎర్రగా నీలంగా చుక్కలు మెరిస్తే సాధారణంగా డిజిటల్ కెమెరా నాయిస్. ముఖం పక్కకి తిరుగుతుంటే చుక్కలు మాత్రం మురికి అద్దంలా కదలకుండా నిలబడితే నాయిస్ రిడక్షన్ పని. అది ఫైల్లోనే ఉందా, మీ టీవీ చేస్తోందా అన్నది సెట్టింగులు ఆపి చూస్తే తెలుస్తుంది. ముఖం మైనపు బొమ్మలా నున్నగా ఉండి, భుజాల చుట్టూ తెల్లటి గీత మెరుస్తుంటే ముందు తుడిచి, తర్వాత షార్ప్‌నెస్ పెంచారన్నమాట. అది ఫైల్లోనే ఉంటే మీరు చేయగలిగిందేమీ లేదు.

సెట్టింగుల సంగతి. టీవీ బిగించడానికొచ్చిన కుర్రాడు సాధారణంగా వివిడ్‌లోనో స్టాండర్డ్‌లోనో పెట్టి, డెమో వీడియో చూపించి వెళ్తాడు. దాన్ని మార్చాలి.

ముందు పిక్చర్ మోడ్. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేయండి. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ ప్రకటించిన ఈ మోడ్ నాయిస్ రిడక్షన్‌నీ, షార్ప్‌నింగ్‌నీ, మోషన్ స్మూతింగ్‌నీ ఒక్క దెబ్బకి ఆపుతుంది. అది లేకపోతే సినిమా లేదా మూవీ మోడ్.

తర్వాత ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, ఎందుకంటే సినిమా మోడ్‌లోనూ కొన్ని ఆన్‌లో మిగిలిపోతాయి. సోనీలో పిక్చర్ కింద క్లారిటీలో రాండమ్ నాయిస్ రిడక్షన్, డిజిటల్ నాయిస్ రిడక్షన్, స్మూత్ గ్రేడేషన్, రియాలిటీ క్రియేషన్ ఉంటాయి. ఎల్‌జీలో నాయిస్ రిడక్షన్, ఎంపెగ్ నాయిస్ రిడక్షన్, స్మూత్ గ్రేడేషన్, సూపర్ రిజల్యూషన్. శామ్‌సంగ్‌లో ఎక్స్‌పర్ట్ సెట్టింగ్స్ లోపల పిక్చర్ క్లారిటీ. మంచి డిస్కుకి అన్నీ ఆఫ్. స్మూత్ గ్రేడేషన్‌ని చాలామంది వదిలేస్తారు. ఆకాశంలో రంగుల చారలు చెరపడం దాని పని, సన్న గ్రెయిన్‌ని కూడా చార అనుకుని చెరిపేస్తుంది.

షార్ప్‌నెస్ అంకె కంపెనీని బట్టి మారుతుంది. సోనీలో 50 అంటే ఏమీ కలపనట్టు, శామ్‌సంగ్‌లో 0, ఎల్‌జీలో 10 లేదా అంతకు తక్కువ. సోనీలోనూ 0 పెట్టి "బొమ్మ మసకగా ఉంది" అనుకోవడం మామూలు పొరపాటు.

ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఎంఈఎంసీ, మోషన్ స్మూతింగ్‌కి ఏ పేరున్నా ఆపండి. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముని ఊహించి గీయడం వాటి పని. గ్రెయిన్‌కి దిక్కూ దారీ ఉండదు కాబట్టి ఆ ఊహ తప్పి, కదిలే తల చుట్టూ బొమ్మ అలల్లా చెదురుతుంది.

ఓవర్‌స్కాన్ కూడా చూడండి. ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్ ఆన్‌లో ఉండాలి, సోనీలో ఫుల్ పిక్సెల్. లేకపోతే టీవీ బొమ్మని కాస్త సాగదీసి అంచులు కోస్తుంది, సాగదీసిన గ్రెయిన్ ఒకచోట మసగ్గా, ఒకచోట గరుగ్గా తేలుతుంది. ఫైర్ స్టిక్‌లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేయండి. కొన్ని బ్లూరే ప్లేయర్లకి సొంతంగా నాయిస్ రిడక్షన్ ఉంటుంది, అది మర్చిపోతే టీవీలో ఎంత ఆపినా దండగ.

ఇంత చేశాక మర్నాడు అంతా పాత కథే అయితే కంగారు పడొద్దు. చాలా టీవీలు ఈ అంకెల్ని ఒక్కో ఇన్‌పుట్‌కి, మళ్లీ మామూలు వీడియోకి, హెచ్‌డీఆర్‌కి (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే వీడియో), డాల్బీ విజన్‌కి వేరువేరుగా దాచుకుంటాయి. ఒక హెచ్‌డీఆర్ సినిమా ప్లే అవుతుండగానే మెనూలోకి వెళ్లి ఇంకోసారి మార్చాలి. హెచ్‌డీఆర్‌లో వెలుగు పెరగడం వల్ల ఆకాశంలో గ్రెయిన్ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించొచ్చు, అది సహజం.

డీటీహెచ్ చానళ్లకి మాత్రం పట్టుబట్టనక్కర్లేదు. అక్కడ గ్రెయిన్ ఎప్పుడో పోయింది, మిగిలింది గళ్లే. ఆ ఇన్‌పుట్‌కి ఎంపెగ్ నాయిస్ రిడక్షన్‌ని తక్కువలో (Low) పెట్టుకోండి, తప్పేం లేదు. యూట్యూబ్‌లో పాత సినిమాకి 4కే ఆప్షన్ కనిపిస్తే మీది ఫుల్ హెచ్‌డీ తెర అయినా, యాప్ ఇచ్చినంత వరకు అదే ఎంచుకోండి. పెద్ద రిజల్యూషన్‌కి ఎక్కువ బిట్లు ఇస్తారు కాబట్టి చుక్కలు కాస్త బతుకుతాయి. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే ఏ కోడెక్, ఏ రిజల్యూషన్ వస్తోందో కనిపిస్తుంది.

దూరం కొలవండి. మామూలు చూపు ఉన్నవారికి ఫుల్ హెచ్‌డీ పిక్సెళ్లు విడివిడిగా తెలియాలంటే తెర ఎత్తుకి మూడు రెట్ల చిల్లర లోపల కూర్చోవాలి. 43 ఇంచులకి అయిదున్నర అడుగులు, 55కి ఏడు, 65కి ఎనిమిదిన్నర. మన టూ బీహెచ్‌కే హాల్లో సోఫా గోడకి ఆనించి ఉంటుంది, టీవీ ఎదుటి గోడకి, మధ్యలో పది పన్నెండు అడుగులు. అక్కడినుంచి 43 ఇంచుల తెరమీద సన్న గ్రెయిన్ దాదాపు కనిపించదు. కనిపిస్తోందంటే అది దొడ్డు రకం, లేదా షార్ప్‌నెస్ ఎక్కువైంది. పరీక్ష చేసేటప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కోండి, సినిమా చూసేటప్పుడు సోఫాకే వెళ్లండి. మూడడుగుల దూరంలో నిలబడి తప్పులు వెతికితే ఏ సినిమా అయినా రవ్వ ఉప్మాలాగే కనిపిస్తుంది.

సొంత ఫైళ్లు చిన్నవి చేసుకునేవాళ్లకి ఒక మాట. ఇంట్లో తీసుకున్న పాత సూపర్ 8 ఫిల్ము రీళ్లు స్కాన్ చేయించి ఉంటే, వీడియోల్ని కుదించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ల కింద డీనాయిస్, డీబ్లాక్ రెండూ ఆఫ్ చేసి, హెచ్.265 10 బిట్ ఎంచుకుని, ట్యూన్ దగ్గర గ్రెయిన్ పెట్టి, క్వాలిటీ 18 దగ్గర ఉంచండి. ఫైలు బరువెక్కుతుంది. సగటున 12 ఎంబీపీఎస్ వచ్చిందంటే రెండున్నర గంటలకి పదమూడున్నర జీబీ.

తొంభైల నాటి పెళ్లి క్యాసెట్లకి ఇవేవీ వర్తించవు. వీహెచ్ఎస్‌లో కనిపించేది టేపు నాయిస్: అడ్డంగా పాకే గీతలు, కుంకుమ ఎరుపు చీర దాటి ఒలకడం. దాని వెనక ఫిల్ము లేదు, కాపాడాల్సిన చుక్కా లేదు. ముందు డీఇంటర్‌లేస్ చేసి (గీత విడిచి గీతగా ఉన్న బొమ్మని పూర్తి ఫ్రేములుగా మార్చి), అందులో సెకనుకి 50 ఫ్రేములు వచ్చేలా 'బాబ్' ఆప్షన్ పెట్టి, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్‌లోని ఎన్ఎల్‌మీన్స్ అనే డీనాయిస్ ఫిల్టర్‌ని 'లైట్' స్థాయిలో వాడండి. స్ట్రాంగ్‌లో పెడితే అక్షింతలు గాల్లోనే మాయమైపోతాయి.