ఇంట్లోనే చదివిస్తారా? పుస్తకాలు కొనే ముందు ఇవి తేల్చుకోండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు ఇళ్లల్లో పిల్లల్ని ఇంట్లోనే చదివిద్దాం అనుకోగానే ముందు అడిగేది ఏ పుస్తకాలు కొనాలని. అది చివరి సంగతి. పిల్లాడు పదో తరగతి పరీక్ష ఏ బోర్డులో రాస్తాడో ముందు తేల్చుకోండి, మిగతావి దాన్నిబట్టి వస్తాయి.

మనలాంటివాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. 14 ఏళ్లు నిండితే చేరొచ్చు, 8వ తరగతి సర్టిఫికెట్ లేకపోయినా ఆ స్థాయి చదువు ఉందని మనమే రాసిస్తే సరిపోతుంది. 5 సబ్జెక్టులు పాసవ్వాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, 5 ఏళ్ల గడువులో ఒకటో రెండో సబ్జెక్టుల చొప్పున రాసుకోవచ్చు. కాబట్టి పన్నెండేళ్లు వచ్చేదాకా ఫలానా సిలబస్ అయిపోవాలని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక భాష. మనకు అసలు చిక్కు ఇక్కడే, ఎందుకంటే ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పైచదువులకేమో ఇంగ్లీషు. కొట్టుకు పంపినప్పుడు మీ పిల్ల చిల్లర ఏ భాషలో లెక్కపెట్టుకుంటోందో గమనించండి, కనీసం 5వ తరగతిదాకా లెక్కలు, సైన్సు ఆ భాషలోనే చెప్పండి. అది తెలుగైతే ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు అచ్చువేసే ద్విభాషా పాఠ్యపుస్తకాలకు మించినవి నాకు కనబడలేదు: ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషులో. పీడీఎఫ్‌లు ఉచితం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వేసే పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు కూడా ఉచితమే. పుస్తకమంతా ప్రింటు తీయించకండి, కావాల్సిన పాఠం చాలు. భిన్నాల పాఠంలో రంగులేసిన భాగాలు నలుపు-తెలుపు ప్రింటులో అన్నీ బూడిదరంగులోకి మారిపోతాయి, అప్పుడు మూడు వంతులేదో ఒక వంతేదో పిల్లలకు అర్థం కాదు, అలాంటి పేజీలు ఫోనులో చూపించి వాళ్లచేతే కాగితం మీద గీయించి రంగులేయించండి.

ఒడియా మాత్రం వదిలేయకండి. రేపు ఒడిశాలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలి. పిల్లల కథలు ఉచితంగా దొరికే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది. ముందు తెలుగుది చదివించి మర్నాడు ఒడియాది ఇస్తే కథ ముందే తెలుసు కాబట్టి అక్షరాల మీద దృష్టి నిలుస్తుంది. (పిల్లలకు ఇంటిభాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలోనే ఉండి సవర పిల్లల కోసం సవరలో వాచకాలు రాశారు, మన ఊళ్లో అది గుర్తుంచుకోవాల్సిన విషయం.)

వేలకు వేలు పోసి కొనే ప్యాకేజీలు, యాప్‌లు అన్నీ చెడ్డవని అనను. కానీ డబ్బు కట్టేముందు ఒక్క పాఠం అడగండి, పొద్దున్నే పిల్లాడి చేతికిచ్చి మీరు పక్కన మాట్లాడకుండా కూర్చోండి. వాక్యం వాక్యానికీ మీ మొహం చూస్తున్నాడంటే ఆ పుస్తకం వద్దు, ఎవరు ఎంత మెచ్చుకున్నా సరే.

పిల్లలకు పదమూడేళ్లు రాగానే దగ్గర్లోని ఎన్‌ఐఓఎస్ కేంద్రానికి వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి: అక్కడ తెలుగు మీడియం ఇస్తారా, సైన్సు ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారు, పరీక్ష సెంటరు ఏ ఊళ్లో పడుతుంది. ఫీజు కట్టకముందే అడగాలి ఇవి.