మెరుపు చూసి కత్తి కొనకండి

దసరా దగ్గర పడే రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లోని మా కమాను పట్టీల షాపుకు లారీలతో పాటు కత్తులూ వస్తాయి. ఆయుధపూజలో పెట్టుకోవడానికి ఒకరు, నాటకంలో వేషానికి ఒకరు, హాల్లో గోడకు తగిలించడానికి మరొకరు పాత నమూనా ఖడ్గాలు తెప్పించుకుని, "కాస్త చూసి చెప్పండి, ఇది మంచి ఉక్కేనా?" అంటారు. డబ్బు కట్టేసిన తర్వాత నేనేం చెప్పినా లాభం లేదు. కొనకముందు చూసుకోవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కత్తితో మీకేం పనో తేల్చుకోండి. గోడకు తగిలించేదైతే స్టెయిన్‌లెస్ స్టీలు చాలు, తుప్పు బాధ ఉండదు. రెండు మూడు వేల రూపాయలకు దొరికేవి దాదాపు ఈ రకమే. గోడ దిగనంత వరకు వాటితో పేచీ లేదు. సాము నేర్చుకునేవారికి, రంగస్థలం మీద కత్తికి కత్తి తగిలించేవారికి మాత్రం అవి వద్దే వద్దు. పొడవాటి అలుగు, అంటే పిడి బయట ఉండే కత్తి భాగం, గట్టిగా ఉంటే సరిపోదు, వంగి మళ్లీ లేవాలి. ఆ గుణం కార్బన్ స్టీలుకు ఉంది.

అమ్మేవాళ్లు 1045, 1060, 1095 అని అంకెలు వేస్తారు. చివరి రెండంకెలు కార్బన్ పాలు చెబుతాయి. 1060లో నూటికి సుమారు 0.60 వంతు కార్బన్ ఉంటుంది. అంకె పెరిగితే కత్తి మెరుగని కాదు. 1095 పదును బాగా నిలుపుతుంది, కాల్చి చల్లార్చడంలో తేడా వస్తే అంతే తేలిగ్గా పుటుక్కున విరుగుతుంది. ఈఎన్45 అని రాసి ఉంటే ఆగి చూడండి. అది మా సరుకే: సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగ్ ఉక్కు. కత్తికి కత్తి తగిలే పనికి నన్నడిగితే దానికే ఓటు.

పెట్టె మీద రాసిందే లోపల ఉందని నమ్మకం ఏమిటి? అయస్కాంతం అంటుకుంటే అసలు ఉక్కేనని చాలామంది చెబుతారు. చౌక కత్తులకు వాడే 420 రకం స్టెయిన్‌లెస్‌కూ అయస్కాంతం అంటుకుంటుంది, కాబట్టి ఆ పరీక్ష దండగ. నిమ్మకాయ నయం. పిడికి దగ్గరగా, కనపడని చోట నూనె, పైపూత ఉంటే అదీ శుభ్రంగా తుడిచి, ఒక చుక్క రసం వేసి పావుగంట ఆగండి. కార్బన్ స్టీలైతే అక్కడ నల్లటి మచ్చ దిగుతుంది. అరటికాయ తరిగిన ఇనుప కత్తిపీట నల్లబడటం ప్రతి ఇంట్లో చూసిందే. తర్వాత ఆకురాయి తీసుకుని అంచు మీద ఒక చోట మెల్లగా రాయండి. పూర్తిగా జారిపోకపోయినా అది ఎదురు తిరగాలి. మేకును రాసినంత సులువుగా రజను రాలితే, ఆ ఉక్కును ఎవరూ సరిగా కాల్చి చల్లార్చలేదు.

బరువు దగ్గర సినిమాలు మనల్ని చెడగొట్టాయి. ఒంటిచేత్తో తిప్పే పాత ఖడ్గం, మనదైనా ఐరోపాదైనా, సాధారణంగా కిలోకు కాస్త అటూ ఇటూ ఉండేది. రెండు కిలోల నకలు చేతికి రాజసంగా అనిపిస్తుంది, పది నిమిషాలు తిప్పితే మణికట్టు చెబుతుంది. బరువెక్కడానికి అసలు కారణం మందం. పాతకాలపు కమ్మరి అలుగును పిడి దగ్గర ఐదారు మిల్లీమీటర్లు ఉంచి, మొనకు వచ్చేసరికి అందులో సగానికి తగ్గించేవాడు. చౌక నకలుకు ఆ శ్రమ లేదు. ఒకే మందం రేకును కత్తి ఆకారంలో కోసి అంచు గీస్తారు. మందం కొలిచే వెర్నియర్ ఉంటే రెండు చోట్లా కొలవండి, లేకపోతే అలుగును కంటికెదురుగా పెట్టి వెన్ను, అంటే పదునుకు ఎదురుగా ఉన్న అంచు, వైపు నుంచి చూడండి. అసలైనవి ఎలా ఉంటాయో కన్ను పట్టుకోవాలంటే బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో పాత ఆయుధాలున్నాయి. హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గది వదలకండి. అక్కడ చెక్కుడు పనిని కాదు, వెన్నును చూడండి.

ఇప్పుడు పిడి లోపలి సంగతి. కత్తి బతుకంతా అక్కడే ఉంది, కొనేవారికి కనపడనిదీ అదే. ఐరోపా ఖడ్గమైతే అలుగు తోక, అంటే పిడిలోకి దిగే భాగం, వెడల్పుగా పిడిలోంచి సాగి, చివరి గుండులోంచి బయటికి వచ్చి, అక్కడ సుత్తితో కొట్టి బిగించి ఉండాలి. విప్పుకునే వీలు కోసం నట్టు పెట్టినా తప్పు లేదు. అలుగుకు సన్నటి మరల కడ్డీ వెల్డింగ్ చేసి పిడిలో దూర్చినది మాత్రం ప్రమాదం. గట్టిగా ఊపితే వెల్డింగ్ దగ్గర తెగి అలుగు ఎదుటివాడి మీదికి పోతుంది. పిడి బిగించకముందు తీసిన తోక ఫోటో పంపమని అడగండి. మంచి తయారీదారు పంపుతాడు. "అది కుదరదండీ" అన్న చోట నేనైతే మరో దుకాణం చూసుకుంటాను.

మన దేశపు వంపు ఖడ్గమైన తల్వారుకు ఈ నియమం వర్తించదు. తోక పిడి చివరిదాకా లేకపోతే కొనవద్దని చెప్పే సలహాలన్నీ పరదేశపు కత్తులను బట్టి రాసినవి. అసలైన తల్వారుకే తోక పొట్టి. బోలు పిడిలో కరిగించిన లక్క మిశ్రమం నింపి, తోకను వేడిగా అందులో దించేవారు. పిడిని కాల్చితే లక్క మెత్తబడి అలుగు ఊడి వస్తుంది, పాడైన అలుగును మార్చుకోవడానికి అదే దారి. కాబట్టి తల్వారులో తోక పొడవు అడగకండి, నింపుడు చూడండి. పిడి పట్టుకుని అలుగు పక్కను అరచేత్తో కొట్టండి. పిడి లోపల గలగలమంటే నింపుడు పగిలింది, లేదా మొదటి నుంచీ సగమే ఉంది. పిడి ఇత్తడిదై, అలుగు అద్దంలా క్రోము పూతతో మెరుస్తుంటే అది పర్యాటకుల కోసం పోత పోసిన సరుకని అనుకోవచ్చు. పాతవాటికి ఎక్కువగా ఇనుప పిడులే.

పిడి ఇరుకుగా ఉందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. పాత తల్వారుల పిడులు నిజంగానే చిన్నవి. నాలుగు వేళ్లూ బిగుతుగా కూర్చుని, పిడి చివరనుండే గుండ్రటి పళ్లెం మణికట్టుకు తగులుతూ ఉంటే ఆ నకలు చేసినవాడు అసలుదాన్ని చూశాడన్నమాట.

అలుగు మీద చారలుండే ఉక్కుకు చెప్పే డమాస్కస్ అన్న మాట వింటే జేబు మీద చెయ్యి వేసుకోండి. ఆ పేరున్న పాత కత్తులకు వెళ్లిన, మట్టి మూసలో కరిగించి చేసిన ఉక్కులో నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం సరుకూ ఉంది. నేడు ఆ పేరుతో అమ్మేది, మంచిదైతే, రెండు రకాల ఉక్కు పొరలు కలిపి సాగగొట్టినది. చెడ్డదైతే మామూలు రేకు మీద యాసిడ్‌తో గీసిన బొమ్మ. తేడా వెన్ను మీద దొరుకుతుంది. పొరలు నిజమైతే చారలు పక్క నుంచి వెన్ను మీదికి తెగకుండా పాకుతాయి. జపాన్ ఖడ్గం కటానా మీద అలలాంటి గీతకూ ఇలాంటి అనుమానమే పెట్టుకోండి, తీగ బ్రష్షుతో దాన్ని గీసేవాళ్లున్నారు.

ఎక్కడ కొనాలంటే, డెహ్రాడూన్‌లోని విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ 1943లో ఖుక్రీలతో, అంటే గూర్ఖాల వంకర కత్తులతో, మొదలైన సంస్థ, నకలు ఖడ్గాలకు పేరున్నది. రాజస్థాన్‌లోనూ తల్వారులు చేసేవాళ్లున్నారు. ఎవరి దగ్గరైనా మొద్దు అంచుదే అడగండి. 1959 ఆయుధ చట్టం, దాని నియమాలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు అలుగున్న కత్తులను ఆయుధాల్లో చేర్చాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు. పదును పెట్టించాలన్నా, ఊరేగింపులో పట్టుకెళ్లాలన్నా ముందుగా మీ పోలీసు స్టేషనులో అడగండి. "మా తాతల నాటిది, వందేళ్ల పైబడింది" అంటూ ఎవరైనా అమ్మజూపితే 1972 పురావస్తువుల చట్టం ఉందని గుర్తుంచుకోండి. లైసెన్సు లేకుండా అలాంటి వస్తువుల వ్యాపారం చేయకూడదు.

పార్సిల్ విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. వాపసు గడువు ముగిసేలోపే పిడి చప్పుడు, అలుగు సూటి, అంచులోని గాట్లు చూసేయండి. మొనను గోడకు ఆనించి బలంగా వంచి పరీక్షించమనేవాళ్ల మాట వినకండి. రెండు అంగుళాలు మెల్లగా వంచి, తిరిగి తిన్నబడిందో లేదో చూస్తే చాలు, స్టెయిన్‌లెస్‌కు అదీ వద్దు. కృష్ణ ఒడ్డు గాలికి కార్బన్ స్టీలు వారంలో మచ్చలేస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ చెమట తుడిచి కుట్టు మిషను నూనె పల్చగా రాయండి. కొబ్బరినూనె జిగురు కడుతుంది. తోలు ఒర చెమ్మ పట్టి ఉంచుతుంది కాబట్టి కత్తిని దానిలో పెట్టి మరిచిపోకండి. ఒరను పక్కన వేలాడదీసి, అలుగును విడిగా ఉంచండి.