సోడా నీరు, ముడి చమురు: అణుస్థాయి అనుకరణ చేసే విధానం

కోనసీమ, నరసాపురం ప్రాంతపు చమురుపై సోడా నీటి ప్రభావాన్ని కంప్యూటర్‌లో పరిశీలించదలచిన కాకినాడ పెట్రోలియం విద్యార్థులు ముందుగా ముడి చమురుకు బదులు డెకేన్‌ను (పది కార్బన్ల హైడ్రోకార్బన్) తీసుకుని, అణువుల కదలికలను లెక్కించే గ్రోమాక్స్ సాఫ్ట్‌వేర్‌లో దాని పొరను సోడా నీటి, అంటే కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీటి, పొరల మధ్య ఉంచాలి. 50 డిగ్రీల సెల్సియస్, 100 బార్ల వద్ద నీటిలో ఇమిడే కార్బన్ డయాక్సైడ్ సుమారు నూటికి రెండు అణువులే కనుక, అంతకు మించి నింపితే అది వేరే దశగా విడిపోయి లెక్కంతా చెడిపోతుంది. ఇక్కడ తొందర అసలు పనికిరాదు. నీటికి టిప్4పీ/2005, కార్బన్ డయాక్సైడ్‌కు ఈపీఎం2 అనే, అణువుల మధ్య బలాలను వర్ణించే నమూనాలు వాడవచ్చు.

పీడనం నిలకడగా మారాక, బంధాల పొడవులను స్థిరపరచి 2 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లవ వంతు) కాలపు అడుగుతో నడుపుతూ, కార్బన్ డయాక్సైడ్ అణువులు నీటిని వీడి సరిహద్దు వద్ద గుమిగూడి, చమురులోకి చొచ్చుకుపోయి దానిని ఉబ్బించడాన్ని సాంద్రత రేఖల్లో గమనించాలి. సరిహద్దుకు లంబంగా ఉన్న పీడనం నుంచి సమాంతర పీడనాల సగటును తీసివేసి, ఆ లంబ దిశలో అనుకరణ పెట్టె పొడవుతో గుణించి, సరిహద్దులు రెండు కనుక సగం చేస్తే తలతన్యత వస్తుంది. ఈ విలువ ప్రయోగ ఫలితానికి దగ్గరపడిన తరువాతే ఉప్పును, ఆస్ఫాల్టీన్లను (ముడి చమురులోని బరువైన అణువులను) చేర్చాలి.