డాబా మీంచి ఒరాయన్ నెబ్యులా (ఒరాయన్ నక్షత్ర మండలంలో వెలిగే వాయు మబ్బు) ఫొటో: ట్రైపాడ్ తీసే ముందు

హైదరాబాద్ శివార్లలో ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డొస్తే పోలార్ అలైన్‌మెంట్ (ఆకాశం తిరిగేకొద్దీ కెమెరాని తిప్పే మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు సరిపెట్టడం) కష్టం. పగలే చోటు చూసుకోండి.

పౌర్ణమికి అటూ ఇటూ రోజులు వదిలేయండి, వెన్నెల అడ్డొస్తుంది. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (వెలిగే వాయువుల రెండు రంగుల్నే లోపలికి వదిలేది) ఉంటే కొంత నయం. కృత్తికల చుట్టూ ఉండే నీలి మబ్బుకి మాత్రం అది పనికిరాదు.

ఫోకస్ దగ్గర బద్ధకించొద్దు. బాటినోవ్ మాస్కు (లెన్సు ముందు పెట్టే చీలికల మూత; నక్షత్రం చుట్టూ మూడు గీతలు చూపిస్తుంది) పెట్టి, ఒరాయన్‌లోని ప్రకాశవంతమైన రైజెల్ నక్షత్రం వైపు తిప్పి, మధ్య గీత సరిగ్గా నడిమికి వచ్చేదాకా సర్దండి. రాత్రి చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది, మధ్యలో మళ్ళీ చూడండి. షూట్ మొదలెట్టేముందు మాస్కు తీయాలి సుమా!

నెబ్యులా నడిబొడ్డు బాగా వెలుగు. 5, 10 సెకన్ల ఫొటోలు విడిగా కొన్ని తీయకపోతే అక్కడి నాలుగు నక్షత్రాలూ తెల్లటి ముద్దైపోతాయి.

ఫొటోలు రా ఫార్మాట్‌లో (కెమెరా మార్చకుండా దాచే ఫైలు) తీయండి, ఖాళీ మెమరీ కార్డు పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మంచులో నేల మీద పెట్టొద్దు.